దూరపు ఛాయాచిత్రం: కటకం, ఫిల్టర్ – తెలుగు నేల మీద ఒక చరిత్ర

దూరంగా ఉన్న వస్తువును ఫోటో తీయడంలో కటకం నాణ్యత, ఫిల్టర్ నాణ్యత ఏ పాత్ర వహించాయో ఈ పాఠంలో చారిత్రకంగా పరిశీలిస్తాం. ఇది భౌతికశాస్త్ర పాఠం కదా, చరిత్ర విద్యార్థికి దీనితో ఏం పని అని మీకు అనిపించవచ్చు. పంతొమ్మిదో శతాబ్దం నుంచి ఛాయాచిత్రాన్ని చారిత్రక ఆధారంగా వాడుతున్నాం. శాసనం చదివేటప్పుడు రాయి అరిగిందా, లిపికారుడు తప్పు చెక్కాడా అని అడుగుతాం. ఫోటో దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్న అడగం, కనిపించినదంతా ఉన్నదే అనుకుంటాం. ఆ ఫోటోలో వస్తువు గుణం ఎంత, మధ్యనున్న గాలి గుణం ఎంత, గాజు గుణం ఎంత అని విడదీసి చూడటం నేర్చుకోవాలి. కెమెరా కొత్తగా కొన్న విద్యార్థులకు ఈ పాఠం ఇంకో విధంగా కూడా పనికొస్తుంది. వాళ్ల డబ్బు కొంత మిగులుతుంది.

కోహీర్ మిట్ట మీద నుంచి

కోహీర్, జహీరాబాద్ ప్రాంతం సముద్రమట్టానికి ఆరు వందల మీటర్ల ఎత్తున ఉన్న ఎర్రనేల పీఠభూమి. అక్కడ జామతోటల దాటి కాస్త ఎత్తైన చోట నిలబడితే చూపు చాలా దూరం పోతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం అదే చోట నిలబడి చూడండి. దిగంతం పాలిపోయి ఉంటుంది, దూరపు చెట్లు నీళ్లలో ఉన్నట్టు కదులుతుంటాయి. ఆగస్టులో ఒక మంచి వాన కురిసి వెలిసిన మర్నాడు పొద్దున చూస్తే అవే చెట్ల కొమ్మలు లెక్కపెట్టవచ్చు.

ఈ తేడాను రెండు వందల ఏళ్ల క్రితమే ఈ ప్రాంతంలో కొందరు వృత్తిరీత్యా గమనించారు. విలియం లాంబ్టన్ నాయకత్వంలో దక్షిణం నుంచి ఉత్తరానికి సాగిన మహా త్రికోణమితి సర్వే 1815లో బీదర్ సమీపంలోని దామరగిద్ద దగ్గర ఒక ఆధారరేఖను కొలిచింది. ఈ దామరగిద్ద అక్షాంశం సుమారు 18 డిగ్రీల 3 నిమిషాలు, అంటే కోహీర్‌కు ఉత్తరంగా దాదాపు యాభై కిలోమీటర్లు. నారాయణపేట జిల్లాలో అదే పేరున్న మరో ఊరితో దీన్ని కలపకండి, ఆ పొరపాటు తరచుగా జరుగుతుంది. సర్వే వాళ్ల పని అంతా దూరదర్శిని అమర్చిన థియోడలైట్‌తో పదుల కిలోమీటర్ల దూరంలో ఉన్న గుర్తును చూసి కోణం కొలవడం. వేసవి మసకలో గుర్తు కనబడేది కాదు. అందుకే వానాకాలాన్ని ఎంచుకున్నారు. దానికి మూల్యం కూడా చెల్లించారు. 1819లో కృష్ణా గోదావరి నదుల మధ్య అడవుల్లో పనిచేసిన జార్జి ఎవరెస్ట్ జ్వరంతో మంచం పట్టి, కోలుకోవడానికి దక్షిణాఫ్రికాలోని కేప్‌కు వెళ్లవలసి వచ్చింది. తర్వాతి కాలంలో ఆయన రాత్రిపూట దీపాలను గుర్తులుగా పెట్టించే పద్ధతిని బాగా వాడాడు.

అప్పటికి ఫోటోగ్రఫీ లేదు. అయినా మన విషయానికి మొదటి పాఠం ఇక్కడే ఉంది. ఎంత మంచి గాజు తెచ్చినా మధ్యనున్న గాలిని అది శుభ్రం చేయలేదు. వేడికి కదిలే గాలి వల్ల వచ్చే చెదరును ఏ కటకమూ, ఏ ఫిల్టరూ సరిచేయలేవు. దానికి వేళ మార్చుకోవడం ఒక్కటే మార్గం.

గాజు రంగులను ఎందుకు విడదీస్తుంది?

ఒకే కటకం గుండా పోయిన తెల్లని కాంతిలో నీలం ఎక్కువగా వంగుతుంది, ఎరుపు తక్కువగా వంగుతుంది. అందువల్ల నీలం ఒక చోట, ఎరుపు కాస్త వెనుక కేంద్రీకృతమవుతాయి. వస్తువు అంచున రంగుల జాలరు కనిపిస్తుంది. దీన్ని వర్ణ విపథనం అంటారు. ఇది తప్పించలేనిదని భావించిన న్యూటన్ 1668లో కటకం బదులు అద్దంతో దూరదర్శిని చేశాడు. అద్దం కాంతిని పరావర్తనం చేస్తుందే తప్ప రంగులుగా విడదీయదు. పద్దెనిమిదో శతాబ్దంలో చెస్టర్ మూర్ హాల్, ఆ తర్వాత 1758లో పేటెంటు పొందిన జాన్ డాలండ్ రెండు రకాల గాజును జతచేసి ఈ దోషాన్ని చాలావరకు తగ్గించారు. అయితే ఆ జత కటకం రెండు రంగులనే ఒక చోటికి తేగలదు. మిగిలినవి కొద్దికొద్దిగా అటూ ఇటూ ఉండిపోతాయి. కన్ను పసుపుపచ్చ ప్రాంతంలో బాగా చూస్తుంది కాబట్టి తయారీదారులు ఆ రంగులనే సరిచూసుకునేవారు.

ఫోటోగ్రఫీ వచ్చాక అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. నాటి ఫోటో పలకలకు నీలం, ఊదా తప్ప మిగతా రంగులు దాదాపు తెలియవు. కంటికి స్పష్టంగా కనిపించేలా సరిచేసిన దూరదర్శినికి పలక తగిలిస్తే, పలక చూసేది సరిచేయని నీలాన్ని. చంద్రుడు కంటికి చురుగ్గా, పలక మీద మసగ్గా వచ్చేవాడు. అమెరికాలో లూయిస్ రూథర్‌ఫర్డ్ 1864లో నీలానికి సరిచేసిన కటకం తయారుచేయించి దీన్ని దాటాడు. ఆ కటకం కంటితో చూడటానికి పనికిరాదు, ఫోటోకే పనికొస్తుంది. పరికరం నాణ్యత అంటే ‘మంచిది’, ‘చెడ్డది’ అనే ఒకే కొలబద్ద ఉండదని ఈ ఉదాహరణ చెబుతుంది. ఏ కాంతికి, ఏ పలకకు మంచిది అన్నదే ప్రశ్న.

గుంటూరు, 1868 ఆగస్టు 18

ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణ మార్గం తెలుగు ప్రాంతాల మీదుగా పోయింది. మద్రాసు వేధశాల నుంచి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో, అదే వేధశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తిలో పరిశీలనలు చేశారు. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, బ్రిటిష్ ఇంజినీరు అధికారి మేజర్ టెనెంట్ వేర్వేరు బృందాలతో దిగారు. జాన్సెన్ కథ మీరు వినే ఉంటారు. వర్ణపటమాపకంలో సౌరజ్వాలల గీతలు ఎంత ప్రకాశంగా కనబడ్డాయంటే, గ్రహణం లేకున్నా వీటిని చూడవచ్చని ఆయనకు తోచింది, మర్నాడు చూశాడు కూడా. గుంటూరులోనే హీలియం కనుగొన్నారని మన పత్రికలు అప్పుడప్పుడు రాస్తుంటాయి. ఆ పసుపు గీత సోడియానిది కాదని తేల్చిన పని అదే ఏడాది అక్టోబరులో, ఇంగ్లండులో లాకియర్ పరిశీలనలతో మొదలైంది. గుంటూరు గొప్పతనానికి ఈ చిన్న సవరణ వల్ల లోటేమీ లేదు.

మన పాఠానికి టెనెంట్ ఎక్కువ ముఖ్యం, ఎందుకంటే ఆయన ఫోటోలు తీయడానికి వచ్చాడు. ఆయన తెచ్చినది కటకపు దూరదర్శిని కాదు. వెండిపూత పూసిన తొమ్మిది అంగుళాల గాజు అద్దంతో బ్రౌనింగ్ చేసిన న్యూటన్ తరహా దూరదర్శిని. గాజు మీద వెండిపూత వేసే పద్ధతి వచ్చి అప్పటికి పుష్కర కాలమే అయింది. అద్దానికి వర్ణ విపథనం లేదు కాబట్టి కంటితో సరిచూసుకున్న కేంద్రమే పలకకూ సరిపోతుంది. గ్రహణం పూర్తిగా పట్టే వ్యవధి ఆరు నిమిషాల లోపే. ఆ కాస్త సమయంలో తడి కొలోడియన్ పలకలను ఒకదాని వెంట ఒకటి సిద్ధంచేసి, తడి ఆరకముందే కాంతి సోకించి, కడగాలి. ఆగస్టు గుంటూరు వేడిలో ఇది ఎంత కష్టమో ఆలోచించండి. ఆరు పలకలు దక్కాయి. ఆకాశంలో పల్చటి మబ్బు ఉండటం వల్ల వాటికి తగినంత కాంతి అందలేదు. అయినా సూర్యుని అంచు నుంచి లేచిన పెద్ద జ్వాల వాటిలో పడింది. దానికి ‘పెద్ద కొమ్ము’ అని పేరుపెట్టారు.

ఆ పలకలను ఆధారంగా చదివే చరిత్రకారుడు ఏం చేయాలి? వాటిలో సూర్యుని చుట్టూ ఉండే ప్రభ పెద్దగా కనిపించదు. అంతమాత్రాన 1868లో ప్రభ చిన్నదని రాయకూడదు. మబ్బు, కాంతి సోకిన సమయం, నీలానికే స్పందించే పలక, ఇవి మూడూ కలిసి దాన్ని తగ్గించి చూపి ఉంటాయి. అదే రోజు ఆ గ్రహణాన్నే ఆడెన్‌లో జర్మన్ బృందం ఫోటో తీసింది. ఆ బృందంలో హెర్మన్ ఫోగెల్ అనే రసాయనవేత్త ఉన్నాడు. ఐదేళ్ల తర్వాత, 1873లో, పలకలో కొన్ని రంగుపదార్థాలు కలిపితే ఆకుపచ్చ, పసుపు కాంతిని కూడా పట్టుకుంటుందని ఆయనే కనుగొన్నాడు. ఫిల్టర్ అనే వస్తువుకు అర్థం ఏర్పడింది ఆ తర్వాతే. నీలం తప్ప ఏదీ తెలియని పలక ముందు పసుపు గాజు పెడితే ఏం మిగులుతుంది? చీకటే.

పసుపు గాజు ఏం చేసింది?

ఆకాశం నీలంగా ఎందుకుందో రేలీ 1871లో వివరించాడు. గాలి అణువులు పొట్టి తరంగాలను ఎక్కువగా చెదరగొడతాయి. తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమంగా ఇది జరుగుతుంది కాబట్టి 700 నానోమీటర్ల ఎరుపు కన్నా 400 నానోమీటర్ల ఊదా సుమారు తొమ్మిది రెట్లు ఎక్కువ చెదురుతుంది. మీకూ దూరపు గుట్టకూ మధ్య ఉన్న గాలి అంతా ఈ చెదిరిన నీలి కాంతితో నిండి, గుట్ట మీద పలుచని తెర పరిచినట్టు చేస్తుంది. పాత పలకలు చూసేది ఆ తెరనే. పంతొమ్మిదో శతాబ్దపు ప్రకృతి దృశ్యాల్లో ఆకాశం తెల్లగా బోసిగా, దూరపు కొండలు వెలిసిపోయినట్టు ఉండటానికి కారణం ఇదే. లాలా దీన్‌దయాళ్ వంటి నిపుణుల కాలపు చిత్రాలు చూసేటప్పుడు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఫోటోలో మబ్బు లేదంటే ఆ రోజు మబ్బు లేదని కాదు.

పసుపు ఫిల్టర్ నీలాన్ని అడ్డుకుని తెరను పల్చన చేస్తుంది. దూరదర్శినులకు అది మరో మేలు కూడా చేసింది. 1900 ప్రాంతంలో అమెరికాలోని యెర్కిస్ వేధశాలలో జార్జి రిచీ, కంటికోసం చేసిన నలభై అంగుళాల కటకానికి పసుపు ఫిల్టర్ జతచేసి, పసుపును పట్టుకునే కొత్త పలకలతో చంద్రుని చురుకైన చిత్రాలు తీశాడు. కటకం మారలేదు. అది సరిగా చూడలేని నీలాన్ని ఫిల్టర్ బయటే ఆపేసింది. ఇంగ్లండులో క్రాయిడన్‌లోని రాటెన్ అండ్ వైన్‌రైట్ సంస్థలో 1906లో చేరిన కెనెత్ మీస్ ఫిల్టర్లను కొలతల ప్రకారం తయారుచేయడం మొదలుపెట్టాడు. 1912లో కొడాక్ ఆ సంస్థను కొన్నది. ఇప్పటికీ ఫిల్టర్ల మీద కనిపించే రాటెన్ సంఖ్యలు అక్కడివే. 1910లో రాబర్ట్ వుడ్ పరారుణ కాంతితో తీసిన దృశ్యాలను ప్రచురించాడు. వాటిలో ఆకాశం నల్లగా, ఆకులు మంచు పట్టినట్టు తెల్లగా ఉంటాయి.

ఇక్కడ ఒక పరిమితి ఉంది. రేలీ చెప్పిన లెక్క చాలా చిన్న కణాలకే వర్తిస్తుంది. దుమ్ము కణాలు పెద్దవి, అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా చెదరగొడతాయి. కోహీర్ వేసవి ఎర్రదుమ్ములో పసుపు ఫిల్టర్ పెద్దగా ఏమీ చేయలేదు. వాన వెలిసిన తర్వాత దుమ్ము అణిగి, నీలి తెర మాత్రమే మిగిలినప్పుడు బాగా పనిచేస్తుంది. త్రికోణమితి సర్వే వాళ్లు వానాకాలాన్ని కోరుకున్నదీ ఇందుకే.

హైదరాబాదులో ఏడున్నర లక్షల నక్షత్రాలు

1901లో నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి పదిహేను అంగుళాల గ్రబ్ దూరదర్శిని తెప్పించి, హైదరాబాదు ఫిసల్‌బండలో వేధశాల నెలకొల్పాడు. నిజాం అనుమతితో దానికి నిజామియా అని పేరు వచ్చింది. ఆయన 1907లో మరణించాక, 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. తర్వాత అది బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చింది. అక్కడి రెండో పరికరం ఎనిమిది అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్. అంటే నక్షత్రాలను ఫోటో తీయడానికే చేసిన కటకం.

1887లో పారిస్‌లో మొదలైన అంతర్జాతీయ నక్షత్ర పట పథకంలో ఆకాశాన్ని వేధశాలలకు పంచారు. పటం కొలత ఒక్కటే: పలక మీద ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక నిమిషం కోణానికి సమానం. హైదరాబాదుకు ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ, ఆ తర్వాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ దక్కాయి. చాట్‌వుడ్, పోకాక్, తర్వాత 1918 నుంచి 1944 వరకు టి.పి. భాస్కరన్ నిర్దేశకులుగా ఈ పని సాగింది. ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు సంపుటాలుగా వెలువడ్డాయి. ఇక్కడ ‘బాగుంది’ అనిపించే ఫోటో చాలదు. పలక మధ్యలో చుక్కలా ఉన్న నక్షత్రం మూలలో తోకచుక్కలా సాగితే దాని కేంద్రం ఎక్కడని కొలుస్తారు? కటకం అంచుల దాకా ఒకే తీరుగా పనిచేయాలి. ఆ పలకలను సూక్ష్మదర్శిని కింద పెట్టి ఒక్కో చుక్కనూ కొలిచిన ఉద్యోగుల పేర్లు సంపుటాల ముందుమాటల్లో కూడా చాలావరకు మరుగున పడ్డాయి. మన శాస్త్రచరిత్రలో రాయవలసిన ఒక అధ్యాయం అది.

చేతిలోకి వచ్చిన దూరం

నేల మీది దూరాలకు పనికొచ్చే టెలిఫోటో కటకాన్ని 1891లో లండన్‌లో డాల్‌మేయర్, జర్మనీలో మీథె, స్టైన్‌హైల్ ఇంచుమించు ఒకేసారి ప్రతిపాదించారు. ముందు కుంభాకార కటకం, వెనుక పుటాకార కటకం. వెనుకది బింబాన్ని పెద్దది చేస్తుంది, దానితోపాటు ముందుదాని దోషాలనూ పెద్దవి చేస్తుంది. ఈనాటి చౌక కన్వర్టర్ల కథ కూడా ఇదే. 1884లో జర్మనీలోని యేనాలో ఆబె, షాట్ కొత్త రకాల గాజు తయారీ ప్రారంభించడం, 1935లో జైస్‌లో స్మకులా పరావర్తన నిరోధక పూత కనుగొనడం, 1969లో కానన్ ఫ్లోరైట్ టెలిఫోటో తేవడం ఈ దారిలో మలుపులు.

పూత గురించి ఒక చిన్న లెక్క చేయండి. పూతలేని గాజు ఉపరితలం కాంతిలో దాదాపు 4 శాతాన్ని వెనక్కి తిప్పికొడుతుంది. నాలుగు విడి కటకాలుంటే ఎనిమిది ఉపరితలాలు. 0.96ను ఎనిమిది సార్లు గుణిస్తే 0.72 వస్తుంది, అంటే నాలుగో వంతుకు మించి కాంతి దారి తప్పింది. పోయిన కాంతి పోతే పోయింది. అందులో కొంత లోపలే తిరిగి పలక మీదో సెన్సర్ మీదో పడి నలుపును బూడిదరంగు చేస్తుంది. దాని మీద మీరు పూతలేని ఫిల్టర్ బిగిస్తే మరో రెండు ఉపరితలాలు చేరతాయి.

ఇది నాకు ఖర్చు పెట్టి తెలిసిన సంగతి. 300 మిల్లీమీటర్ల కటకం కొన్నప్పుడు, దుకాణం అతను సలహా ఇస్తే అద్దానికి రక్షణగా ఒక చౌక ఫిల్టర్ కూడా కొన్నాను. ఆ కటకంతో తీసిన ప్రతి దూరపు చిత్రమూ మెత్తగా వచ్చేది. 2018 జనవరి 31 సాయంత్రం సంపూర్ణ చంద్రగ్రహణం. ఎర్రని చంద్రుడు వీడుతూ అంచు వెలిగేసరికి ఫోటోలో ఫ్రేముకు అవతలి వైపున తలకిందులుగా మరో మసక చంద్రుడు! కటకం చెడిపోయిందనుకుని మరమ్మతుకు ఇచ్చి, డబ్బు కట్టి, అలాగే తిరిగి తెచ్చుకున్నాను. ఒక రోజు తుడవడానికి ఫిల్టర్ విప్పి, మళ్లీ బిగించడం మరచి ఫోటో తీశాను. నీళ్ల ట్యాంకు మీది మెట్లు లెక్కపెట్టగలిగాను. సెన్సర్ నుంచి వెనక్కి పోయిన కాంతి ఫిల్టర్ మీద పడి తిరిగి రావడం వల్ల ఆ దొంగ చంద్రుడు వచ్చాడు. మెత్తదనానికి కారణం ఫిల్టర్ రెండు ముఖాలూ చదునుగా లేకపోవడం. విచిత్రమేమంటే అదే రకం ఫిల్టర్ మామూలు 35 మిల్లీమీటర్ల కటకం మీద ఏ లోపమూ చూపలేదు. నాభ్యంతరం పెరిగేకొద్దీ కాంతి దారిలోని చిన్న వంకర కూడా సెన్సర్ మీద పెద్ద చెదరుగా మారుతుంది. చంద్రబింబం పరిమాణం నాభ్యంతరంలో సుమారు 110వ వంతు. 35 మిల్లీమీటర్ల కటకంలో అది మూడో వంతు మిల్లీమీటరు, 300లో దాదాపు 2.7 మిల్లీమీటర్లు. బింబం ఎంత పెరిగితే తప్పూ అంత పెరిగింది.

డిజిటల్ సెన్సర్ ముందు అతినీలలోహిత కాంతిని ఆపే పొర ఇప్పటికే ఉంటుంది. కాబట్టి ‘యూవీ’ ఫిల్టర్ పాత ఫిల్ములకు చేసిన మేలు నేడు చేయదు. దుమ్ము నుంచి, గీతల నుంచి రక్షణ మాత్రం ఇస్తుంది. కోహీర్ వంటి చోట అదీ తక్కువేమీ కాదు. దూరపు చిత్రం తీసే ఆ కాసేపు దాన్ని విప్పండి. పోలరైజర్ సూర్యునికి లంబదిశలో ఉన్న ఆకాశం మీద బాగా పనిచేస్తుంది, సూర్యుని వైపు, వ్యతిరేక దిశలో పనిచేయదు.

సూర్యుని విషయంలో మాత్రం నాణ్యత ప్రాణప్రశ్న వంటిది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ గ్రహణ మార్గంలో ఉస్మానియా వారి జపాల్–రంగాపూర్ వేధశాల ఉంది. కోహీర్‌లో అది పాక్షికమే. పాక్షిక గ్రహణంలో ఏ క్షణమూ వట్టి కంటితో చూడదగినది కాదు. మసిపూసిన గాజు, పాత ఎక్స్‌రే ఫిల్ము కంటికి చల్లగా అనిపించినా, కనిపించని పరారుణ కాంతిని వదిలేయవచ్చు. సూర్యుని కోసమే చేసిన ఫిల్టర్‌ను కటకం ముందు భాగాన బిగించాలి. వెనుక కంటి దగ్గర పెట్టినది, కటకం పోగుచేసిన వేడికి పగిలిపోవచ్చు.

అభ్యాసం

మీ ఊరికి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో కదలని వస్తువును ఒకదాన్ని ఎంచుకోండి. నీళ్ల ట్యాంకు, మసీదు మినారు, గుడి గోపురం ఏదైనా సరే. కెమెరాను స్టాండు మీద ఉంచి ఫిల్టర్‌తో ఒకటి, ఫిల్టర్ లేకుండా ఒకటి, ఎండ మధ్యాహ్నం, వాన వెలిసిన పొద్దున మళ్లీ తీయండి. ఫోన్ కెమెరా అయినా చాలు, డిజిటల్ జూమ్ మాత్రం వాడవద్దు. తర్వాత మీ ఇంట్లోగాని, మీ గ్రంథాలయపు పాత పుస్తకంలోగాని ఉన్న ఒక నలుపు తెలుపు దృశ్యచిత్రం తీసుకుని, అందులో ఆకాశం, దూరపు అంచులు, మూలలు ఎలా ఉన్నాయో చూసి, ఏది వస్తువుకు చెందినది, ఏది గాలికి, ఏది గాజుకు, ఏది పలకకు చెందినదో ఒక పేజీలో రాయండి.